1641 ఐర్లండ్ తిరుగుబాటు వాంగ్మూలాలు: ఎంతవరకు నమ్మొచ్చు?

పాతకాగితం:
ఈ మధ్య 1641 ఐర్లండ్ తిరుగుబాటు గురించి చదువుతున్నానండి, అదే, అక్కడి ఐరిష్ కాథలిక్కులు ఇంగ్లీష్ పాలన మీదా, వచ్చి స్థిరపడ్డ ప్రొటెస్టెంట్ల మీదా తిరగబడింది. అప్పటి వాంగ్మూలాలు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్నాయి కదా, మొత్తం 8,000 దాకా, 19,000 పేజీలు, 2010 నుంచి ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. రెండు రాత్రులు వాటితోనే కూర్చున్నా. ఇంగ్లీష్ సెటిలర్లని ఇళ్ళలోంచి గెంటేయడం, ఒంటిమీద బట్టలు కూడా లాక్కుని చలిలోకి తోలేయడం, పోర్ట్‌డౌన్ దగ్గర బ్రిడ్జి మీంచి బాన్ నదిలోకి తోసేయడం, చదువుతుంటే మనసు పాడైపోయింది. సరే అనుకునేలోపు ఎలిజబెత్ ప్రైస్ అనే ఆవిడ వాంగ్మూలం తగిలింది, ఆ నదిలో నడుము లోతు నీళ్ళలో నిలబడి ప్రతీకారం, ప్రతీకారం అని అరుస్తున్న ఆడమనిషి ఆకారాన్ని చూశానని ప్రమాణం చేసి మరీ చెప్తోంది! దయ్యం ఉన్న కాగితాన్ని సాక్ష్యం అనొచ్చా? ఒకాయనేమో 3 లక్షల మంది పోయారంటాడు, ఇంకొకాయన అంతా ప్రాపగాండా అంటాడు, నాకేం పాలుపోవట్లేదు.

వీధరుగు:
ముందు ఆ కాగితాలు ఎందుకు పుట్టాయో చూడండి. తిరుగుబాటు మొదలైంది అక్టోబర్ 22 రాత్రి, డిసెంబర్ నెలాఖరుకి డబ్లిన్‌లో 8 మంది ప్రొటెస్టెంట్ మతగురువులతో కమిషన్ వేశారు, దానికి పెద్ద హెన్రీ జోన్స్ అనే ఆయన. మొదట వాళ్ళకి అప్పజెప్పిన పని హత్యల లెక్క కాదు! ఎవరి ఆస్తి ఎంత పోయింది, రాజుకి వ్యతిరేకంగా ఎవరేం మాట్లాడారు, అంతే. హత్యల గురించి అడగమని 1642 జనవరిలో చేర్చారు. అందుకే సగం వాంగ్మూలాలు ఆవులు ఇన్ని, గుర్రాలు ఇన్ని, గాదెలో ధాన్యం ఇంత, నాకు రావలసిన బాకీలు ఇంత అని సాగుతాయి. నన్నడిగితే అసలు విలువ అక్కడే ఉంది, దోచుకున్నవాళ్ళ పేర్లు కూడా చెప్తారు, చాలాసార్లు అది రోజూ చూసే పక్కింటివాడి పేరే. 3 లక్షలు అన్నది జాన్ టెంపుల్ 1646లో పుస్తకంలో రాసిన అంకె, అందులో చంపినవాళ్ళతో పాటు తరిమేసినవాళ్ళనీ కలిపేశాడు, అయినా అప్పుడు ఐర్లండ్ మొత్తంలో అంతమంది ప్రొటెస్టెంట్లే లేరు. రాబర్ట్ మాక్స్‌వెల్ అని ఇంకో మతగురువు 1,54,000 అన్నాడు, అదీ తిరుగుబాటుదారుల లెక్కే అని విన్నానంటూ. ఇప్పటి చరిత్రకారులు ఎక్కువమంది అల్‌స్టర్‌లో, అంటే ఐర్లండ్ ఉత్తర భాగంలో, చంపబడ్డవాళ్ళు 4,000 ప్రాంతంలో, చలికీ జబ్బులకీ పోయినవాళ్ళని కలిపితే 12,000 దాకా అంటారు.

నీలిసిరా:
దయ్యం సంగతి నేను చెప్తా, ఎందుకంటే అందరూ దయ్యం దగ్గరే ఆగిపోతారు. ఆ ఎలిజబెత్ ప్రైస్ పిల్లలు అయిదుగురు పోర్ట్‌డౌన్‌లో మునిగిపోయారండీ. ఆ తర్వాత అక్కడ ఏదో ఆకారం కనిపిస్తోందని పుకారు పుడితే, ఐరిష్ సేనాని ఓవెన్ రో ఓనీల్ తన మనుషులతో వెళ్ళి చూశాడట, ఈవిడ కూడా వెంట వెళ్ళిందట. పిల్లల్ని మింగిన నది ఒడ్డున నిలబడ్డ తల్లికి ఏం కనిపిస్తుందో మనమెవరం తేల్చడానికి? ఆ వాక్యం దయ్యం ఉందని రుజువు చెయ్యదు, కానీ ఆ ఊళ్ళో జనం ఏం మాట్లాడుకున్నారో, ఆ చావులు వాళ్ళనెలా పట్టుకున్నాయో చెప్తుంది. నేను చదివేటప్పుడు ఒకటే చేస్తా, "చూశాను" ఎక్కడుంది, "నమ్మకస్తులు చెప్పగా విన్నాను" ఎక్కడుంది అని పెన్సిల్‌తో గీత పెట్టుకుంటా. ఘోరం పెరిగేకొద్దీ "విన్నాను" పెరుగుతుంది, మీరే గమనించండి.

ఎదురీత:
అన్నీ బానే ఉన్నాయి గానీ ఇంకోవైపు మాట ఎవరూ ఎత్తరేం? 1607లో అల్‌స్టర్‌లోని ఐరిష్ దొరలు దేశం విడిచి వెళ్ళాక వాళ్ళ భూములు లాక్కుని ఇంగ్లీష్, స్కాటిష్ వాళ్ళకి పంచారు, ఆ మంట ముప్పై ఏళ్ళు లోపలే రగిలింది. 1642 జనవరిలో ఐలండ్‌మగీలో కాథలిక్కులని చంపారు, ఆడాళ్ళు పిల్లలు కూడా, వాళ్ళ బంధువుల మాటలు ఆ కట్టల్లోకి వచ్చింది చాలా తర్వాత, 1650లలో కోర్టులు పెట్టినప్పుడు. 1649లో డ్రోగెడాలో కోట పట్టుకుని జనాన్ని నరికినప్పుడు ఇంగ్లీష్ సేనాని క్రోమ్‌వెల్ అది దేవుడి తీర్పు అన్నాడు, ఈ 1641 కథల బలం మీదే కదా అన్నది.

వీధరుగు:
నిజమే, ఒప్పుకుంటా. కానీ తర్వాత ఎవరో వాడుకున్నారని అక్కడ పోయినవాళ్ళ చావు అబద్ధం అయిపోదు గదా. పోర్ట్‌డౌన్‌లో వంద దాకా మునిగారన్నది ఒక్క మనిషి మాట కాదు, చాలామంది చెప్పారు.

పాతకాగితం:
ఆ పిల్లల సంగతి నేను సరిగా చూడనే లేదు, దయ్యం దగ్గరే ఆగిపోయా, సిగ్గేస్తోంది. పోర్ట్‌డౌన్ ఉన్న అర్మా కౌంటీ కట్ట మళ్ళీ మొదటి నుంచి చదువుతా. ఇంకో డౌటు, కొన్ని పేజీల్లో సగం రాత గీతలతో కొట్టేసి ఉంది, అవి అబద్ధమని కమిషన్ వాళ్ళే కొట్టేశారా?

నీలిసిరా:
పాతకాలంలో చాలామంది అలాగే అనుకున్నారు, కాదు. నకళ్ళు తీసేటప్పుడు అక్కర్లేని భాగాలు కొట్టేసుకున్నారు, ముఖ్యంగా ఆస్తి నష్టాల జాబితాలు. కొట్టేసినదాని కింద అక్షరాలు కనిపిస్తాయి, వదలకుండా చదవండి. పేర్ల స్పెల్లింగ్ మాత్రం పేజీకొక రకంగా ఉంటుంది, సెర్చ్‌లో రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి.