మా ఆయన షార్జాలో, నేనూ బాబూ రాజోల్లో: ఫ్యామిలీ వీసాకి ముందు ఏ కాగితం చేయించుకోవాలి?

రాజోలు కోడలు:

అందరికీ నమస్కారం అండి. మా ఆయన షార్జాలో ఏసీ మెయింటెనెన్స్ కంపెనీలో ఫోర్‌మన్, జీతం 4,500 దిర్హమ్స్, రూము కంపెనీదే, ఒక్కో రూములో ఆరుగురు. నేనూ మూడేళ్ళ బాబూ అత్తయ్యగారింట్లో ఉంటాం. మొన్న సంక్రాంతికి ఆయన వచ్చినపుడు బాబు వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళకుండా నా చీర కుచ్చిళ్ళ వెనకాల దాక్కున్నాడు, ఆ పూట ఆయన అన్నం కెలికి వదిలేశారు, ఇంక ఎలాగైనా మమ్మల్ని తీసుకెళ్ళిపోవాలని అనుకున్నాం.

ఇప్పుడు నా బాధలు. మా పెళ్ళి 2019లో అన్నవరం కొండ మీద అయింది, దేవస్థానం రసీదూ ఆల్బమూ తప్ప ఏ సర్టిఫికెట్టూ లేదు. నా పాస్‌పోర్టులో నాగలక్ష్మి అని ఉంది, బాబు బర్త్ సర్టిఫికెట్లో తల్లి పేరు ఉట్టి లక్ష్మి అని పడిపోయింది. ఆయన ఇంటిపేరు ఆయన పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే బాబు బర్త్ సర్టిఫికెట్లో ఒక్క అక్షరమే ఉంది. బాబుకి పాస్‌పోర్టు ఇంకా తీయలేదు. ఇక్కడ ఒక ఏజెంటు 45 వేలిస్తే మొత్తం నేనే చూసుకుంటా, ముందు విజిట్ వీసా మీద వెళ్ళిపోండి అక్కడ మార్చుకోవచ్చు అంటున్నాడు. ఆయన మళ్ళీ జూన్‌లో 20 రోజులు వస్తారు. ఎక్కడ మొదలెట్టాలో తెలియట్లేదు, వెళ్ళినోళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పాలకొల్లు పిల్ల:

చెల్లీ కంగారు పడకు, నేను అబుదాబి వచ్చి నాలుగేళ్ళు, నాదీ ఇదే కథ. జీతం గొడవ నీకు లేదు, 4,000 దిర్హమ్స్ ఉంటే చాలు, లేదా 3,000 జీతం ప్లస్ ఇల్లు ఉండాలి. కానీ ఆరుగురుండే రూము చూపిస్తే ఫ్యామిలీకి వీసా ఇవ్వరు, మీ ఆయన పేరు మీద అద్దె అగ్రిమెంట్ ఉండాలి, దాన్ని అక్కడ గవర్నమెంటులో రిజిస్టర్ కూడా చేయించాలి. ఆయన్ని ఇప్పట్నించే ఇల్లు వెతుక్కోమను.

నీ పని జూన్‌లో ఆయన ఉండే ఆ 20 రోజుల్లో ఉంది. పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి ఇద్దరూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి, అన్నవరం దాకా వెళ్ళక్కర్లేదు, మీరుండే చోట రాజోల్లోనే చేయించుకోవచ్చు. పెళ్ళి కార్డు, పెళ్ళి ఫోటో, ఇద్దరి ఆధార్‌లు, వయసు ప్రూఫ్, ముగ్గురు సాక్షులు. దేవస్థానం రసీదు కూడా పట్టుకెళ్ళు, పెళ్ళి అయిందనడానికి పనికొస్తుంది, కానీ వీసా వాళ్ళకి అదొక్కటే ఇస్తే నడవదు. పాస్‌పోర్టుల్లో పేర్లు ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా ఆ అప్లికేషన్లో అలాగే రాయించు, పక్కనే నిలబడి చదువుకో, మా గుమాస్తా మా మావగారి పేరులో ఒక ‘వై’ మింగేశాడు, దానికోసం మళ్ళీ తిరిగాం. నీ పుట్టింటి ఇంటిపేరు మార్చుకోవాలేమో అని భయపడకు, నేను ఇప్పటికీ పుట్టింటి పేరుతోనే ఉన్నా, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే ఎవరూ అడగలేదు.

బాబు ఎక్కడ పుట్టాడు? అమలాపురం హాస్పిటల్లో అయితే మీ ఊరి పంచాయతీ చుట్టూ తిరిగి లాభం లేదు, పుట్టిన చోట రిజిస్టర్ అవుతుంది కాబట్టి కరెక్షన్ అమలాపురం మున్సిపాలిటీలోనే. అది ఇప్పుడే మొదలెట్టెయ్, ఆయన వచ్చేదాకా ఆగకు. అది కరెక్టయి చేతికొచ్చాకే బాబు పాస్‌పోర్టు. దానికి అమ్మా నాన్నా ఇద్దరి సంతకాల డిక్లరేషన్ కావాలి, అది కూడా జూన్‌లోనే, చించినాడ బ్రిడ్జి దాటి భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్ళొచ్చేస్తే ఒక రోజు పని.

కొబ్బరాకు:

పైన అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా, నేను డబ్బులు పోసి నేర్చుకున్నది. సర్టిఫికెట్లు ఉంటే సరిపోదు, అటెస్టేషన్ కావాలి, అంటే అవి నిజమైనవేనని గవర్నమెంటు వాళ్ళు వేసే ముద్రలు. మా ఊరి ఏజెంటు నా పెళ్ళి సర్టిఫికెట్టుకి అపోస్టిల్ స్టిక్కర్ (ఆ ఒప్పందంలో ఉన్న దేశాల్లో ఎంబసీ ముద్ర లేకుండానే చెల్లే గుర్తు) వేయించి చేతిలో పెట్టాడు, చూడ్డానికి చాలా బాగుంది, నేను ఫ్రేమ్ కట్టించుకునేలా ఉంది. దుబాయ్ తీసుకెళ్తే ఇది మాకు చెల్లదన్నారు. తర్వాత తెలిసింది ఏంటంటే ఇండియా 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది గానీ యూఏఈ (షార్జా, దుబాయ్, అబుదాబి ఉన్న దేశం) లేదు. ఒమన్ వెళ్ళేవాడికి అదే స్టిక్కర్ పనిచేస్తుంది, మనకి పనిచేయదు. యూఏఈకి ఐతే ముందు మన స్టేట్ గవర్నమెంట్, తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖ, తర్వాత యూఏఈ ఎంబసీ, అక్కడికెళ్ళాక వాళ్ళ విదేశాంగ శాఖ, ఈ వరసలో ముద్రలు పడాలి, పైన అరబిక్ ట్రాన్స్‌లేషన్ కూడా అక్కడే చేయించాలి. ఏజెంటుకి డబ్బులిచ్చే ముందు ‘ఎంబసీ అటెస్టేషనా, అపోస్టిలా’ అని ఒక్క మాట అడగండి, నసిగితే లేచి వచ్చేయండి.

ఇంకోటి, ముద్రలు పడ్డాక పేరు మార్చారంటే ఆ ముద్రలన్నీ దండగ. పేర్లు సరిచేశాకే అటెస్టేషన్‌కి పంపండి. మీరు డిగ్రీ చదివి ఉంటే అదీ ఇప్పుడే కలిపి పంపేయండి, అక్కడ ఉద్యోగం చేయాలనిపిస్తే ఆయన వీసా మీద ఉంటూనే వర్క్ పర్మిట్ తీసుకోవచ్చు, అప్పుడు మళ్ళీ ఈ తిప్పలు పడక్కర్లేదు.

గట్టు మీద బాబాయ్:

ఆయ్, నేను చెప్పేది మీకు నచ్చదేమోనమ్మా, అయినా చెప్తన్నా. 4,500లో ఇంటద్దె, కరెంటు, తిండి, ఆ పైన మీ ఇద్దరి హెల్త్ ఇన్సూరెన్స్, రేపు బాబు స్కూలు ఫీజు, ఇవన్నీ పోతే ఇక్కడ మీ మావగారికి ఎంత పంపగలరో కాగితం మీద వేసుకోండి. కంపెనీ ఇంటి అలవెన్స్ ఏమన్నా ఇస్తాదేమో అడగమనండి. 22 ఏళ్ళు గల్ఫులో ఉండొచ్చాను, ఫ్యామిలీని తెచ్చుకుని ఏడాదికే అప్పులతో తిప్పి పంపేసినోళ్ళని చూశాను, తెచ్చుకోక పిల్లలు పెద్దోళ్ళయిపోయాక ఏడ్చినోళ్ళనీ చూశాను, అందులో నేనూ ఒకణ్ణి.

విజిట్ వీసా సంగతి: వెళ్ళి అక్కడ మార్చుకోవడం కుదురుద్ది, దొంగపనేం కాదు, దానికి ఫీజు వేరే కట్టాలి. కానీ అటెస్టేషన్ లేని కాగితాలతో వెళ్తే అక్కడ కూర్చుని రోజులు లెక్కపెట్టుకోవడమే, గడువు దాటితే రోజుకింత ఫైను. కాగితాలు పూర్తయ్యాక ఆయన్నే ఎంట్రీ పర్మిట్ (ఆ దేశంలోకి రానిచ్చే కాగితం) తీసి పంపమనండి, దిగాక 60 రోజుల్లో మీకు మెడికల్ టెస్టు, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) అవుతాయి. బాబుకి మెడికల్ ఉండదు, 18 దాటినోళ్ళకే.

ఇంకో మాట, మీ ఇద్దరి వీసా ఆయన వీసాకి ముడిపడి ఉంటాది, ఆయన ఉద్యోగం పోతే మీదీ పోద్ది. రెండో కానుపుకి పుట్టింటికొచ్చి ఆరు నెలలు దాటి ఉండిపోతే కూడా వీసా పోద్ది. 180 రోజులు, గుర్తెట్టుకోండి, మా మేనకోడలు ఏడో నెలలో వచ్చి, బాలసారె, అన్నప్రాసన అని ఉండిపోయి మళ్ళీ మొదటికొచ్చింది.

రాజోలు కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. బాబు పుట్టింది అమలాపురంలోనే, ఈ రోజు మా మావయ్యగారు మున్సిపాలిటీకి వెళ్ళి కనుక్కున్నారు, నా ఆధార్, టెన్త్ సర్టిఫికెట్, ఆయన పాస్‌పోర్టు కాపీ తెమ్మన్నారట. ఏజెంటుకి ఫోన్ చేసి అపోస్టిలా ఎంబసీయా అని అడిగాను, ‘రెండూ ఒకటేనమ్మా’ అన్నాడు. పెట్టేశాను. బాబాయ్ గారూ, మీ లెక్క ఆయనకి వాట్సాప్‌లో పంపాను, చదివి రెండు గంటలు ఏమీ అనలేదు, తర్వాత ‘సింగిల్ రూమైనా పర్లేదు కదా’ అని ఒక్క మెసేజ్ పెట్టారు.

పాలకొల్లు పిల్ల:

పర్లేదని చెప్పు. వచ్చేటప్పుడు మాత్రం పూతరేకులు తెచ్చిపెట్టు, షార్జా నుంచి అబుదాబి పెద్ద దూరం కాదు.