ఎనిమిది పోర్టుల సీరియల్ కార్డు మొరాయిస్తే ముందు అనుమానం దేని మీద: కేబులా, ఐఆర్‌క్యూనా?

పాతపెట్టె

మొత్తం చెప్తాను, తర్వాత తిట్టండి. పెంటియం మెషీన్, లినక్స్ 2.4 కెర్నల్, ఐసా అనే పాత రకం స్లాట్‌లో ఎనిమిది పోర్టుల కార్డు. పోర్టులు నడిపే చిప్‌లు 16550ఏ. ఐదు పోర్టులకు టెర్మినల్స్, రెండింటికి తూకం మెషీన్లు, ఎనిమిదోది ఖాళీ. అన్నీ 9600 స్పీడే.

పోయిన వారం కార్డు చచ్చిపోయింది. అల్మరాలో అదే మోడల్ స్పేర్ ఉంటే తీసి పెట్టాను. బూట్‌లో ఎనిమిది పోర్టులూ కనిపించాయి, హమ్మయ్య అనుకున్నాను. కానీ అప్పట్నుంచి ఏ టెర్మినల్ చూసినా అక్షరాలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఓ ముక్క వస్తుంది, ఆగుతుంది, కొన్ని సెకన్లకు ఇంకో ముక్క. వచ్చినవి మాత్రం శుభ్రంగా చదవగలిగేలా ఉన్నాయి.

ఇక్కడ ఇద్దరు సీనియర్లు ఉన్నారు. ఒకాయన కేబుళ్లన్నీ చూడమంటాడు, ఇంకొకాయన ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్ట్ లైన్) తప్ప ఇంకేదీ కాదంటాడు. మెషీన్ ఆపడానికి నాకు దొరికేది ఆదివారం మూడు గంటలు. ముందు ఎటు వెళ్లను?

కొసతీగ

కేబుల్. కళ్లు మూసుకుని కేబుల్.

కార్డు మార్చేటప్పుడు మీరు ముట్టుకున్నది కార్డు ఒక్కటే కాదు. వెనక ఆక్టోపస్ కేబుల్ పీకారు, మళ్లీ గుచ్చారు. ఆ ఎనిమిది కొసల్లో ఏది ఎలా కూర్చుందో చూశారా? ఇన్నేళ్లలో నేను చూసిన సీరియల్ గోలల్లో ఎక్కువ భాగం కనెక్టర్ లోపలే తేలాయి. పిన్ వంగడం, స్క్రూ బిగించకపోవడం, ఎవరో పుణ్యాత్ముడు హ్యాండ్‌షేక్ తీగలు (పంపు, ఆగు అని చెప్పేవి) కత్తిరించి మూడు తీగలతో సరిపెట్టడం. ఆ తీగల్లో ఒకటైన సీటీఎస్ ఊగుతుంటే సరిగ్గా ఇలాగే ఆగి ఆగి వస్తుంది.

కొసన 2, 3 పిన్‌లు కలిపి లూప్‌బ్యాక్ పెట్టండి. టైప్ చేసింది తిరిగొస్తే కార్డు బాగున్నట్టు, ఆ తర్వాత తీగ వెంట నడుచుకుంటూ వెళ్లండి.

జంపర్‌పిన్

కొసతీగ గారూ, ఏడు పోర్టుల కనెక్టర్లు ఒకేసారి, ఒకే రకంగా చెడిపోతాయా?

పాతపెట్టె గారూ, ఒక్క పని చేయండి. పొడవాటి ఫైలు ఒకటి టెర్మినల్‌కి పంపి, ఒక ముక్కలో ఎన్ని అక్షరాలు వస్తున్నాయో లెక్కపెట్టండి. లెక్క చెప్పాక మాట్లాడతాను.

పాతపెట్టె

పదహారు. మూడుసార్లు లెక్కపెట్టాను. పదహారు, ఆగడం, మళ్లీ పదహారు.

జంపర్‌పిన్

అనుకున్నదే. 16550ఏ చిప్‌లో ఫైఫో బఫర్ (అక్షరాలు వరుసలో ఆగే చోటు) సైజు సరిగ్గా 16 బైట్లు. డ్రైవర్ ఒకసారి దాన్ని నింపి కూర్చుంటుంది. అది ఖాళీ కాగానే చిప్ ఇంటరప్ట్ ఇవ్వాలి, డ్రైవర్ మళ్లీ నింపాలి. మీ చిప్ ఇస్తూనే ఉంది, కానీ ఆ కేక డ్రైవర్ వినే లైన్ మీద పడడం లేదు. మరి కొన్ని సెకన్లకైనా ఎలా కదులుతోందంటే, ఆ కెర్నల్ సీరియల్ డ్రైవర్‌లో ఒక టైమర్ ఉంటుంది, ఇంటరప్ట్ ఏమైనా తప్పిపోయిందేమోనని అప్పుడప్పుడూ వచ్చి చూసి పోతుంది. మీ టెర్మినల్స్ ఇప్పుడు దాని దయ మీద బతుకుతున్నాయి.

సీటీఎస్ ఊగితే ముక్క సైజు ఒకసారి 5, ఒకసారి 40 ఉంటుంది. ప్రతిసారీ పదహారే రావడం కేబుల్ లక్షణం కాదు.

బూట్‌లో పోర్టులన్నీ కనపడ్డాయన్నారు. అది ఐ/ఓ అడ్రస్ (డ్రైవర్ కార్డుని వెతికే చోటు) సరిపోయిందని మాత్రమే చెప్తుంది. పోర్టు సెట్టింగులు చెప్పే సెట్‌సీరియల్ కమాండ్‌కి మీరు ఏ ఐఆర్‌క్యూ చెబితే అది నమ్ముతుంది, కార్డు మీద ఐఆర్‌క్యూ ఎంచే జంపర్ ఎక్కడుందో వెళ్లి చూడదు. మెషీన్ ఆపకుండా తేల్చుకోవచ్చు: ఒక పోర్టుకు సెట్‌సీరియల్‌తో ఐఆర్‌క్యూ 0 ఇవ్వండి. అప్పుడు డ్రైవర్ ఇంటరప్ట్ కోసం ఎదురు చూడకుండా తానే గబగబా పోల్ చేస్తుంది, అంటే అడిగి చూసుకుంటుంది. ఆ పోర్టు ఒక్కటీ సాఫీగా నడిస్తే కేబుల్ జోలికి వెళ్లక్కర్లేదు.

కొసతీగ

పదహారు సంగతి ఒప్పుకుంటాను, బాగా పట్టారు. కానీ "అన్ని పోర్టులూ ఒకేలా చెడితే కేబుల్ కాదు" అనే సూత్రం మాత్రం ఒప్పుకోను. ఆ సూత్రం నమ్మి నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

పదహారు పోర్టుల కార్డు, అన్ని టెర్మినల్సూ నత్తనడక. కార్డు మార్చాం, స్లాట్ మార్చాం, ఐఆర్‌క్యూ మార్చాం. చివరికి దొరికిందేంటంటే, ఒక గదిలో టెర్మినల్ తీసేసి కేబుల్ కొసను నేల మీద వదిలేశారు. కార్డు వైపు మాత్రం గుచ్చే ఉంది. అంత పొడుగు తీగ యాంటెన్నాలా పనిచేస్తుంది. గెట్టీ (టెర్మినల్‌లో లాగిన్ అడిగే ప్రోగ్రాం) అటు లాగిన్ ప్రాంప్ట్ పంపుతుంది, పక్క తీగలోకి అదే లీకై వెనక్కొస్తుంది, గెట్టీ దాన్ని ఎవరో టైప్ చేసిన యూజర్ పేరనుకుని లాగిన్‌ని లేపుతుంది, లాగిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ అడిగిన మాటే మళ్లీ జవాబుగా వస్తుంది. రోజంతా దానితో అదే కబుర్లు. ప్రాసెస్‌లు పుడుతూ చస్తూ మెషీన్‌ని నమిలేశాయి. ఒక్క తీగ, పదహారు పోర్టులు.

అందుకే అడుగుతున్నా: మీ ఎనిమిదోది "ఖాళీ" అంటే కేబుల్ కూడా లేదా, టెర్మినల్ మాత్రమే లేదా?

టంకం

మీరిద్దరూ కొట్టుకుంటున్నారు కానీ పవర్ సప్లై వైపు ఎవరూ చూడటం లేదు.

పాత కార్డుల్లో తీగ మీదికి పంపే లైన్ డ్రైవర్ చిప్ 1488, అందుకునే రిసీవర్ చిప్ 1489 ఉంటాయి. 1488కి ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు రెండూ కావాలి. మైనస్ 12 ఐసా స్లాట్‌లో బీ7 పిన్ నుంచి వస్తుంది. ముసలి పవర్ సప్లైలో ఆ మైనస్ 12 పోయినా మెషీన్ హాయిగా బూట్ అవుతుంది, ఎందుకంటే ఇంకెవరికీ దానితో పెద్దగా పని ఉండదు. అప్పుడు లైన్ ఖాళీగా ఉన్నప్పుడు మైనస్‌లో ఉండాల్సింది సున్నా దగ్గర ఆగిపోతుంది. ఆర్‌ఎస్232 అనే సీరియల్ ప్రమాణం ప్రకారం మైనస్ 3కీ ప్లస్ 3కీ మధ్య ఏదీ లెక్కలోకి రాదు. కానీ 1489 ఉదారంగా సున్నాని కూడా మార్క్ (ఖాళీ లైన్ స్థితి) అనుకుంటుంది. కాబట్టి కొన్ని టెర్మినల్స్ పనిచేస్తాయి, కొన్ని చేయవు. మీరు కేబుళ్లు మారుస్తూ పిచ్చెక్కిపోతారు.

ఇంకో మాట. ఈ కేసులో లూప్‌బ్యాక్ కూడా పాసవుతుంది, రెండు కొసలూ ఆ కార్డువే కాబట్టి. లూప్‌బ్యాక్ పాసైందని కార్డుకు క్లీన్ చిట్ ఇవ్వకండి. మల్టీమీటర్ తీసుకుని ఏమీ పంపని పోర్టు ట్రాన్స్‌మిట్ పిన్ మీద వోల్టేజీ చూడండి. మైనస్ 9, మైనస్ 11 అలా రావాలి.

జంపర్‌పిన్

టంకం గారి పాయింట్ మంచిదే. కానీ ఇక్కడ అక్షరాలు చెడకుండా వస్తున్నాయి, వోల్టేజీ సమస్య కాదు. లూప్‌బ్యాక్ గురించి ఇంకొకటి: ఐఆర్‌క్యూ తప్పయితే లూప్‌బ్యాక్‌లో కూడా టైప్ చేసింది సెకన్ల తర్వాతే తిరిగొస్తుంది. కొసతీగ గారి పరీక్షే నా వైపు సాక్ష్యం చెప్తుంది.

ఆయన చెప్పిన నేల మీది తీగ కథ నేను కాదనను. అయితే ఆ రెండింటినీ విడదీయడానికి ఒక్క నంబర్ చాలు: ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైల్‌లో (ఏ లైన్ మీద ఎన్ని ఇంటరప్ట్‌లు వచ్చాయో కెర్నల్ చూపే చోటు) సీరియల్ లైన్ కౌంట్. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చూడండి. కదలకపోతే నా జబ్బు. ఎవరూ టైప్ చేయకుండానే పరిగెడుతుంటే కొసతీగ గారి జబ్బు.

పాతపెట్టె

చూశాను. ఐఆర్‌క్యూ 5 దగ్గర సీరియల్, కౌంట్ సున్నా. ఐఆర్‌క్యూ 0 చేసి చూస్తే మూడో పోర్టు వెన్నలా నడిచింది. ఆదివారం కార్డు బయటికి తీస్తాను.

జంపర్‌పిన్

తీసినప్పుడు జంపర్ 5కే పెట్టండి, చేతికి దగ్గరగా ఉందని 3కో 4కో పెట్టొద్దు. మెషీన్‌లో మామూలుగా ఉండే సీరియల్ పోర్టుల్లో కామ్1 వాడేది 4, కామ్2 వాడేది 3. ఐసాలో ఇంటరప్ట్‌లు అందుకునే 8259 చిప్ ఇంటరప్ట్ లైన్ కింద నుంచి పైకి లేచే అంచునే పట్టుకుంటుంది. రెండు కార్డులు ఒకే లైన్ మీద కూర్చుంటే ఒకరు పైకి లాగి పట్టుకున్నప్పుడు రెండోవారి కేకకు కొత్త అంచు రాదు, అది పోయినట్టే. పైగా ఒకరు పైకి, ఒకరు కిందికి లాగుతుంటారు. మీ కార్డులో ఎనిమిది చిప్‌లు ఒకే లైన్ ఎలా పంచుకుంటున్నాయంటే, అవి కార్డు లోపలే కలిసి ఒక్క తీగగా బయటికొస్తాయి. డ్రైవర్ కూడా ఎనిమిదింటినీ అన్నీ నోరు మూసేదాకా తిరిగి తిరిగి అడుగుతుంది. కెర్నల్‌లో సీరియల్ ఇంటరప్ట్ షేరింగ్ ఆన్ ఉండాలి, మీకు పాత కార్డు నడిచింది కాబట్టి ఉన్నట్టే.

పాతపెట్టె

ఆదివారం రాత్రి. కార్డు తీసి టార్చ్ వేసి చూస్తే జంపర్ 3 మీద ఉంది. చచ్చిన కార్డు పక్కన పెట్టి పోల్చాను, దానిది 5. అల్మరాలో పెట్టేముందు ఎవరో ఇంకో మెషీన్‌లో వాడినట్టున్నారు. 5కి మార్చి బూట్ చేశాను. టెర్మినల్స్ అన్నీ ఠక్కున లాగిన్ అడిగాయి. జంపర్‌పిన్ గారికి దండం.

అయితే కథ ఇక్కడ ఆగలేదు. అలవాటుగా మళ్లీ కౌంట్ చూశాను. ఎవరూ టెర్మినల్ ముందు లేరు, కౌంట్ సెకనుకు వందల్లో పెరుగుతోంది. ప్రాక్‌లో సీరియల్ డ్రైవర్ ఫైల్ తీస్తే ఎనిమిదో పోర్టులో ట్రాన్స్‌మిట్, రిసీవ్ రెండూ పోటీ పడి పెరుగుతున్నాయి. ఫ్రేమింగ్ ఎర్రర్లు (అక్షరం హద్దులు తప్పడం) కూడా. కొసతీగ గారూ, మీరు అడిగిన ప్రశ్నకు నేను జవాబే ఇవ్వలేదు. పోయిన నెల ఆ టెర్మినల్ తీసేశాం. కేబుల్ తీయలేదు, ఇనిట్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ ప్రోగ్రాంలు లేపాలో రాసే ఫైల్) గెట్టీ లైన్ కూడా తీయలేదు. పాత కార్డు ఉన్నప్పుడే మెషీన్ కాస్త బరువుగా నడుస్తోందని అందరూ అంటుండేవారు. వయసైపోయిందిలే అనుకున్నాను.

కొసతీగ

కేబుల్‌ని కార్డు వైపు నుంచి పీకండి, అటు కొస నుంచి కాదు. 1489 ఇన్‌పుట్‌కి తీగే లేకపోతే నిశ్శబ్దంగా మార్క్‌లో ఉండిపోతుంది. ఇనిట్‌ట్యాబ్‌లో ఆ లైన్ ముందు హ్యాష్ పెట్టి, ఇనిట్‌కి మళ్లీ చదవమని చెప్పండి. రీబూట్ అక్కర్లేదు.

కళ్లు మూసుకుని కేబుల్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం మాత్రమే.

పాతపెట్టె

పీకాను. కౌంట్ నిలిచింది. టంకం గారూ, మీ మాట మీద మీటర్ కూడా పెట్టాను: మైనస్ 10.8. ఏడో పోర్టులో మైనస్ 4 మాత్రమే వస్తోంది, దానికున్న తూకం మెషీన్ మాత్రం ఇప్పటికైతే బాగానే మాట్లాడుతోంది.

టంకం

ఏడో పోర్టు 1488 సాకెట్‌లో ఉందా, బోర్డుకే టంకం పెట్టారా? సాకెట్ అయితే చచ్చిన కార్డు నుంచి ఒకటి పీకి పెట్టుకోండి, ఆ కార్డు పారేయకండి.