మందు మానేస్తానని మాటిచ్చి తప్పా, ఇప్పుడు గుడికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

అందరికీ వందనాలు. మాది బెజవాడ, ఆటో తోల్తాను. ఫిబ్రవరి 11న గుణదల మాత తిరునాళ్లకి కొండెక్కి సిలువ దగ్గర కొవ్వొత్తి వెలిగించి ఇంక మందు ముట్టనని మాటిచ్చా, 40 రోజులు ఉన్నా, మొన్న మళ్లీ తాగేశా. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, కంచంలో అన్నం పెట్టేసి లోపలికెళ్లిపోయింది, అదే తట్టుకోలేకపోతున్నా. ఆదివారం పూజకి వెళ్దామంటే కాళ్లు రావట్లేదు.

గుంటూరు అక్క:
తమ్ముడూ, ఏసయ్య శిష్యుడు పేతురు కూడా చలిమంట దగ్గర నిలబడే కదా ఆయనెవరో నాకు తెలీదని మూడుసార్లు బొంకింది. బైబిల్లో యోహాను సువార్త 21వ అధ్యాయం తీసి చదువు. ఏసయ్య ఒడ్డున నిప్పులేసి చేపలు, రొట్టె సిద్ధం చేసి ముందు రండి తినండి అన్నాడు, తిన్నాకే నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు, ఎందుకు బొంకావని మాత్రం అడగలేదయ్యా. అక్కడికొచ్చేసరికి నాకు ఎప్పుడూ కళ్లనీళ్లు ఆగవు.

మంగళగిరి అన్న:
బ్రదర్, నేను మానేసి 6 ఏళ్లు. ప్రార్థనతో పాటు డాక్టర్ దగ్గరకీ వెళ్లు, బాగా అలవాటున్నోళ్లు ఒక్కసారే ఆపేస్తే వణుకు, ఫిట్స్ కూడా వస్తాయి. సాయంత్రం బండి పెట్టేసే టైమే గండం, అప్పుడు ఎవరికైనా ఫోన్ చెయ్యి.

అడిగినాయన:
అక్కా, రాత్రి మా ఆవిడే చదివి వినిపించింది. ఆదివారం ఇద్దరం వెళ్తున్నాం. సోమవారం డాక్టర్ దగ్గరకి, అన్నా.