ఆర్థోఫొటో నుంచి రోడ్లు: చెట్ల కింద తెగిపోతున్నాయి, పాతవన్నీ కొత్తవిగా వస్తున్నాయి

ప్రశ్న:
పాత మ్యాపులో లేని కొత్త రోడ్లు పట్టుకోవడానికి 20 సెం.మీ. ఆర్థోఫొటోల (మ్యాపు కొలతకి సరిదిద్దిన వైమానిక ఫొటోలు, పిక్సెల్‌కి 20 సెం.మీ. నేల) మీద యూ-నెట్ (ఏ పిక్సెల్ రోడ్డో గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్) ట్రైన్ చేశాను. ఎన్‌కోడర్ (ఫొటోలోంచి లక్షణాలు తీసే భాగం) రెస్‌నెట్-34, టైల్ (ఒకసారికి ఇచ్చే ఫొటో ముక్క) 512×512 పిక్సెళ్లు. వాలిడేషన్‌లో ఐఓయూ (మోడల్ గుర్తించిన రోడ్డూ అసలు రోడ్డూ ఎంత మేర కలిశాయో చెప్పే కొలత) బాగానే ఉంది, మ్యాపు మీద వేస్తే మాత్రం పనికొచ్చేలా లేదు. చెట్లున్న చోటల్లా రోడ్డు తెగుతోంది. పార్కింగ్ స్థలాలు, సిమెంటు డాబాలు రోడ్లయిపోతున్నాయి. పాత మ్యాపులోని సెంటర్‌లైన్లు (రోడ్డు మధ్య గీతలు) తీసేసి మిగిలినవే కొత్త రోడ్లు అనుకుందామంటే దాదాపు ప్రతి రోడ్డూ మిగిలిపోతోంది. మోడల్ మార్చాలా?

జవాబు 1:
మోడల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. 20 సెం.మీ.లో 512 పిక్సెళ్లంటే నేల మీద 102 మీటర్లే. అంత చిన్న ముక్కలో చెట్టుకి అటూ ఇటూ ఉన్నది ఒకే రోడ్డని తేల్చడానికి ఆధారం చాలదు. జీడాల్ (మ్యాపు ఫొటోలు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్)‌తో పిక్సెల్‌కి 50 సెం.మీ.కి దించి (రీశాంప్లింగ్ పద్ధతి యావరేజ్ పెట్టండి, నియరెస్ట్ వద్దు) 1024 టైల్ తీసుకుంటే 512 మీటర్లు కనిపిస్తాయి. 3 మీటర్ల సందుకి కూడా ఇంకా 6 పిక్సెళ్లు మిగులుతాయి. ప్రెడిక్షన్‌కి టైళ్లు పావు వంతు ఒకదాని మీదొకటి పడేలా కోసి, అంచులు వదిలేసి మధ్య భాగమే వాడండి. లేదంటే అతుకు పడ్డ చోటల్లా గీత విరుగుతుంది.

అన్నిటికన్నా ముందు లేబుళ్లు (మోడల్‌కి నేర్పడానికి గీసిచ్చిన రోడ్లు) తెరిచి చూడండి. చెట్టు కొమ్మల దగ్గర రోడ్డు ఆపేసి గీశారా? అయితే మోడల్ తప్పేం లేదు, నేర్పిందే చేస్తోంది. కొమ్మల కింద కూడా రోడ్డుని కొనసాగించి గీయాలి. లాస్‌కి (ట్రైనింగ్‌లో తప్పుని కొలిచే సూత్రం) బైనరీ క్రాస్ ఎంట్రోపీ, డైస్ కలిపి వాడితే చాలు.

జవాబు 2:
ఐఓయూ ఇక్కడ మోసం చేస్తుంది. నాలుగు పిక్సెళ్ల ఖాళీ పడితే ఐఓయూ కదలదు, దారి మాత్రం రెండు ముక్కలవుతుంది. స్పేస్‌నెట్ రోడ్ల పోటీలో వాడిన ఏపీఎల్ఎస్ కొలత అందుకే ఉంది: రెండు బిందువుల మధ్య దారి పొడవు అసలు నెట్‌వర్క్‌లో ఎంత, మీ దాంట్లో ఎంత అని పోలుస్తుంది.

మాస్క్ (మోడల్ ఇచ్చే రోడ్డు పిక్సెళ్ల బొమ్మ) నుంచి గీతలకి: చిన్న మచ్చలు తీసేసి స్కెలిటనైజ్ చేయండి, అంటే రోడ్డుని ఒక పిక్సెల్ వెడల్పు మధ్య గీతగా సన్నబరచండి. 10 మీటర్ల లోపు మొండి కొమ్మలు కత్తిరించి, డగ్లస్-ప్యూకర్ (గీతలో అక్కర్లేని బిందువులు తీసేసే పద్ధతి) 1 మీటరు టాలరెన్స్‌తో సరళం చేయండి. తర్వాత తెగిన కొసలు చూడండి. రెండు కొసల మధ్య 30 మీటర్ల లోపు దూరం, దిశల్లో 20 డిగ్రీల లోపు తేడా, మధ్యలో మోడల్ ఇచ్చిన రోడ్డు ప్రాబబిలిటీ పూర్తిగా సున్నా కాకుండా 0.2 దగ్గరైనా ఉంటే కలపండి. దూరం ఒక్కటే చూసి కలిపితే పక్కపక్క వీధులు నిచ్చెనలా అంటుకుంటాయి. ఫ్లైఓవర్ దగ్గర స్కెలిటన్, నిజానికి లేని జంక్షన్‌ని పుట్టిస్తుంది. అది చేత్తో దిద్దాల్సిందే.

డాబాల సంగతికొస్తే, డీఎస్ఎం (భవనాలు, చెట్లతో కలిపిన ఎత్తుల మ్యాపు) ఉంటే అందులోంచి డీటీఎం (వట్టి నేల ఎత్తుల మ్యాపు) తీసేసి 2.5 మీటర్ల పైన ఉన్నదంతా కొట్టేయండి.

జవాబు 3:
అలా కొట్టేస్తే ఫ్లైఓవర్లూ, చెట్ల కింద కష్టపడి కలుపుకున్న రోడ్లూ పోతాయి. ఎత్తుని, ఫొటోలోని మూడు రంగుల పక్కన నాలుగో బ్యాండ్‌గా మోడల్‌కే ఇవ్వండి.

ఇక పాత మ్యాపు. పిక్సెల్ తీసివేత ఎప్పుడూ చేయకండి. ముందు 30, 40 జంక్షన్ల దగ్గర పాత గీతకీ ఫొటోకీ మధ్య జరుగుడు కొలవండి. అన్నీ ఒకే వైపు 3, 4 మీటర్లు జరిగుంటే అది డేటమ్ లేదా ప్రొజెక్షన్ (మ్యాపు కోఆర్డినేట్లకి ఆధారమైన పద్ధతి) తేడా, సరిచేయండి. తలో వైపు ఉంటే పాత డిజిటైజేషన్ తప్పులు. ఆ తర్వాతే పాత గీతల చుట్టూ 6 మీటర్ల బఫర్ (పట్టీ) గీసి, బయట 25 మీటర్లకు మించి వరుసగా సాగిన ముక్కల్నే కొత్తవిగా తీయండి. కొత్తగా వేసిన సర్వీస్ రోడ్డు బఫర్‌లో దాక్కోవచ్చు. పెద్ద రోడ్ల పక్కన ఒకసారి కళ్లతో చూడక తప్పదు.

ఫొటోలో కనబడలేదని పాత రోడ్డుని మాత్రం ఆటోమేటిక్‌గా తీసేయొద్దు. ట్రూ ఆర్థో (భవనాల వాలు కూడా సరిదిద్దిన ఆర్థోఫొటో) కాకపోతే ఎత్తైన భవనం ఫొటోలో వాలినట్టు పడి పక్క వీధిని పూర్తిగా కప్పేస్తుంది.

ప్రశ్న వేసినవారు:
డీఎస్ఎం ఉందండి, కానీ 1 మీటరు గ్రిడ్. నాలుగో బ్యాండ్‌కి సరిపోతుందా?

జవాబు 3:
సరిపోతుంది. డీటీఎం తీసేశాక మిగిలిన ఎత్తుని బైలీనియర్ రీశాంప్లింగ్‌తో 50 సెం.మీ.కి తెచ్చి, 0 నుంచి 20 మీటర్ల మధ్య క్లిప్ చేసి ఇవ్వండి. గోడల అంచులు మీటరు దాకా రోడ్డు మీదికి పారినట్టు కనబడతాయి, ట్రైనింగ్‌లో కూడా అదే డేటా ఉంటే మోడల్ సర్దుకుంటుంది. డీఎస్ఎం, ఫొటో ఒకే ఫ్లైట్‌వేనా అన్నది మాత్రం చూసుకోండి.