లీథల్ హిట్స్ వల్ల తగిలిన గాయానికి డివాస్టేటింగ్ వూండ్స్ కూడా వర్తిస్తుందా?

ప్రశ్న (కొత్త నెక్రాన్)

అందరికీ నమస్కారం. వార్‌హామర్ 40,000 (బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో, పాచికలతో ఆడే యుద్ధపు ఆట) ఆడటం మొదలుపెట్టి ఏడు నెలలైంది. నాది నెక్రాన్ సైన్యం, నాతో ఆడే మిత్రుడిది స్పేస్ మెరీన్ సైన్యం. మేము పదో ఎడిషన్ నిబంధనల ప్రకారమే ఆడుతున్నాం. పోయిన ఆదివారం మా ఆట ఒక సందేహం దగ్గర ఆగిపోయింది. నిబంధనల పుస్తకాన్ని ఇద్దరం రెండేసి సార్లు చదివినా ఏకాభిప్రాయానికి రాలేకపోయాం. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

మధ్యలో ఉన్న ఆబ్జెక్టివ్ (పట్టు నిలుపుకోవాల్సిన చోటు) మీద నా ఇమ్మోర్టల్స్ (నెక్రాన్ సైనికులు) పది మంది నిలబడి ఉన్నారు. అక్కడ చాటు ఏమీ లేదు. మిత్రుడి స్టెర్న్‌గార్డ్ వెటరన్స్ పది మంది, వాళ్లను నడిపించే లెఫ్టినెంట్‌తో సహా, 12 అంగుళాల లోపలికి వచ్చి కాల్చారు. రాపిడ్ ఫైర్ (దగ్గరి నుంచి కాలిస్తే వచ్చే అదనపు దాడులు) కలుపుకొని ఆ పది రైఫిళ్లకు 30 పాచికలు. (దాడి తగిలిందో లేదో చూసేది హిట్ రోల్, తగిలినది గాయం చేసిందో లేదో చూసేది వూండ్ రోల్, ఆ గాయాన్ని ఆపుకోవడానికి ఎదుటివాడు వేసేది సేవ్.) హిట్ రోల్‌లో 21 తగిలాయి, వాటిలో ఆరులు 6 ఉన్నాయి. మిత్రుడు ఆ ఆరింటినీ వేరుగా తీసి పెట్టి, లెఫ్టినెంట్ వల్ల ఈ తుపాకులకు లీథల్ హిట్స్ ఉంది కాబట్టి ఇవి నేరుగా గాయాలవుతాయని, ఇవి క్రిటికల్ కాబట్టి రైఫిల్‌కు సొంతంగా ఉన్న డివాస్టేటింగ్ వూండ్స్ ప్రకారం వీటికి సేవ్ కూడా ఉండదని అన్నాడు. అలా ఆరుగురు ఒక్కసారిగా పోయారు. మిగిలిన 15 పాచికలతో వూండ్ రోల్ వేస్తే రెండు ఆరులు, మూడు అయిదులు పడ్డాయి. ఆ ఆరులకు ఇద్దరు పోయారు. అయిదులకు నేను 4+ సేవ్ (పాచిక మీద నాలుగు, ఆపైన పడితే గాయం ఆగుతుంది) వేసుకుంటే ఒక్కటే నిలిచింది. మొత్తం యూనిట్ తుడిచిపెట్టుకుపోయింది.

యూనిట్ పూర్తిగా పోతే రీఎనిమేషన్ ప్రోటోకాల్స్ (పడిపోయిన నెక్రాన్‌లు తిరిగి లేచే నిబంధన) వల్ల కూడా తిరిగి రాదు కాబట్టి, ఒక్కడు మిగలడానికీ ఎవరూ మిగలకపోవడానికీ నెక్రాన్‌లకు చాలా తేడా ఉంటుంది. మిత్రుడు మోసం చేసే మనిషి కాడు, తాను చెప్పింది నిజమనే నమ్ముతున్నాడు. అతను చెప్పింది సరైనదేనా?

రెండో సందేహం కూడా ఇక్కడే అడుగుతాను. నా ఇమ్మోర్టల్స్‌కు ఇంకా చేతులు అతికించలేదు. వాళ్లకు గాస్ బ్లాస్టర్లు పెట్టాలా, టెస్లా కార్బైన్లు పెట్టాలా అన్నది తేల్చుకోలేక పోయిన ఆదివారం కూడా చేతులు లేకుండానే ఆడించాను.

సమాధానం 1 (పాచికల పెట్టె)

మీ మిత్రుడు చెప్పింది సరైనది కాదు. అయితే ఆ పొరపాటు చాలామంది చేసేదే. దానికి కారణం క్రిటికల్ అన్న మాట నిబంధనల్లో రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు అర్థాలతో రావడం.

హిట్ రోల్‌లో ఏ కూడికా తీసివేతా లేకుండా పాచిక మీద ఆరు పడితే అది క్రిటికల్ హిట్. వూండ్ రోల్‌లో అలాగే ఆరు పడితే అది క్రిటికల్ వూండ్. లీథల్ హిట్స్ మొదటిదాన్ని చూస్తుంది, డివాస్టేటింగ్ వూండ్స్ రెండోదాన్ని మాత్రమే చూస్తుంది. లీథల్ హిట్స్ ప్రకారం క్రిటికల్ హిట్ దానంతట అదే గాయం చేస్తుంది, అంటే ఆ దాడికి వూండ్ రోల్ అన్నదే వేయరు. వేయని పాచిక మీద ఆరు పడే ప్రశ్నే లేదు కనుక ఆ దాడి క్రిటికల్ వూండ్ కాలేదు. కాబట్టి మీ మిత్రుడు వేరుగా తీసి పెట్టిన ఆ ఆరు దాడులూ మామూలు గాయాలు. బోల్ట్ రైఫిల్ ఏపీ (ఎదుటివాడి సేవ్‌ను తగ్గించే అంకె) మైనస్ 1 కనుక మీ ఇమ్మోర్టల్స్ 3+ సేవ్ 4+ అవుతుంది, ఆ 4+ సేవ్ ఆరింటికీ మీరు వేసుకోవాల్సిందే. వూండ్ రోల్‌లో పడ్డ రెండు ఆరులకు మాత్రం సేవ్ లేదన్నది నిజం. డివాస్టేటింగ్ వూండ్స్ ముందు ఇన్వల్నరబుల్ సేవ్ (ఏపీ తగ్గించలేని సేవ్) కూడా పనికిరాదు.

ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఇలాంటి సందేహాలు చాలా వరకు వాటంతట అవే తీరిపోతాయి. ఒక సామర్థ్యం వల్ల ఏ రోల్ అయితే ఎగిరిపోతుందో, ఆ రోల్ మీద ఆధారపడిన మిగతా సామర్థ్యాలన్నీ ఆ దాడి వరకు దానితో పాటే ఎగిరిపోతాయి. ఫ్లేమర్ లాంటి టారెంట్ ఆయుధాలకు హిట్ రోల్ ఉండదు, దాడులన్నీ వాటంతట అవే తగులుతాయి. అందువల్ల ఎవరో నాయకుడు ఆ యూనిట్‌కు లీథల్ హిట్స్ గానీ సస్టెయిన్డ్ హిట్స్ (క్రిటికల్ హిట్‌కు అదనపు హిట్లు ఇచ్చే సామర్థ్యం) గానీ ఇచ్చినా ఫ్లేమర్‌కు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. అదే ఫ్లేమర్‌కు డివాస్టేటింగ్ వూండ్స్ వస్తే మాత్రం నిక్షేపంగా పనిచేస్తుంది, ఎందుకంటే వూండ్ రోల్ ఎక్కడికీ పోలేదు. లీథల్ హిట్స్, సస్టెయిన్డ్ హిట్స్ రెండూ ఒకే ఆయుధానికి ఉంటే, ఆరు పడిన అసలు దాడి నేరుగా గాయం చేస్తుంది, దానివల్ల అదనంగా పుట్టిన హిట్లు మామూలు హిట్లే కనుక అవి వూండ్ రోల్‌కు వెళతాయి.

యాంటీ అన్న సామర్థ్యం కూడా వూండ్ రోల్‌కు సంబంధించినదే. డ్రుకారి అనే సైన్యం వాడే స్ప్లింటర్ రైఫిల్ బలం 2 మాత్రమే. టఫ్‌నెస్ (గాయం కాకుండా తట్టుకునే శక్తి) 4 ఉన్న మెరీన్ మీద అది మామూలుగా ఆరు పడితేనే గాయం చేయాలి. కానీ దానికి యాంటీ ఇన్‌ఫంట్రీ (కాల్బలం మీద పనిచేసేది) 3+ ఉంది కాబట్టి పాచిక మీద మూడు, ఆపైన ఏది పడినా అది క్రిటికల్ వూండ్. ఇలాంటి ఆయుధానికి లీథల్ హిట్స్ తగిలిస్తే కలిసొచ్చేది తక్కువే.

మరో మాట. పాచిక మీద కనిపించే అంకెనే చూడాలి, కలుపుకొన్న తర్వాత వచ్చే అంకెను కాదు. స్టెర్న్‌గార్డ్ బోల్ట్ రైఫిల్‌కు హెవీ కూడా ఉంది కనుక కదలకుండా కాలిస్తే హిట్ రోల్‌కు ఒకటి కలుస్తుంది. దానితో వాళ్లకు 2 పడినా తగులుతుంది కానీ, 5 పడితే అది ఆరుతో సమానమై క్రిటికల్ హిట్ కాదు.

మీ ఆట లెక్కలు కూడా వేసి చూశాను. ఆ 30 దాడులు టఫ్‌నెస్ 5 ఉన్న ఇమ్మోర్టల్స్ మీద పడితే, లెఫ్టినెంట్ లేనప్పుడు సగటున 5 మంది, లెఫ్టినెంట్ ఉండి నిబంధన సరిగ్గా పాటించినప్పుడు 6.25 మంది, మీ మిత్రుడు పాటించిన తీరులో 8.75 మంది చనిపోతారు. పది మంది యూనిట్‌లో రెండున్నర మంది తేడా చిన్నదేమీ కాదు.

చేతి అలవాటు ఒకటి చెబుతాను, మా బల్ల దగ్గర దీనివల్ల వాదనలు బాగా తగ్గాయి. హిట్ రోల్‌లో పడ్డ ఆరులను ఎత్తి, బల్ల అంచున మరో రంగు పాచికలుగా మార్చి పెట్టండి. మిగతా పాచికలతో వూండ్ రోల్ పూర్తి చేశాక, సేవ్ వేయాల్సిన మామూలు గాయాలతో ఆ రంగు పాచికలను కలిపి ప్రత్యర్థి చేతికి ఇవ్వండి. డివాస్టేటింగ్ అయినవి ఆ చేతికి వెళ్లవు. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఇద్దరికీ కళ్ల ముందే ఉంటుంది.

సమాధానం 2 (పాత నెక్రాన్)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి ఒక్క కొసమెరుపు చేర్చి, మీ రెండో ప్రశ్నకు వస్తాను.

లీథల్ హిట్స్ ఎప్పుడూ లాభమే అనుకోకండి, దాన్ని వద్దని పక్కన పెట్టే వీలు కూడా నిబంధనలో లేదు. అదే స్టెర్న్‌గార్డ్ యూనిట్, కవర్‌లో (చాటున) ఉన్న టెర్మినేటర్లను కాల్చిందనుకోండి. వాళ్ల టఫ్‌నెస్ కూడా 5, సేవ్ 2+. ఏపీ మైనస్ 1 తీసేసి, కవర్‌కు ఒకటి కలిపితే మళ్లీ 2+ దగ్గరికే వస్తుంది. హిట్ రోల్‌లో 36 ఆరులు పడ్డాయనుకుంటే, లీథల్ హిట్స్ వల్ల 36 గాయాలై వాటిలో 6 మాత్రమే సేవ్ దాటి లోపలికి వెళతాయి. అవే 36 వూండ్ రోల్‌కు వెళ్లి ఉంటే, 6 క్రిటికల్ వూండ్లు సేవ్ లేకుండా దిగుతాయి, మరో 6 మామూలు గాయాల్లో ఒకటి దిగుతుంది, మొత్తం 7. అంటే అక్కడ లెఫ్టినెంట్ వల్ల స్వల్పంగా నష్టమే. వూండ్ రోల్ మొత్తాన్ని తిరిగి వేసుకునే వెసులుబాటు కూడా ఉంటే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది.

ఇక గాస్, టెస్లా సంగతి. 2011లో వచ్చిన నెక్రాన్ కోడెక్స్ (ఆ సైన్యం నిబంధనల పుస్తకం) నుంచి ఈ రెండు ఆయుధాలనూ వాడుతున్నాను. హిట్ రోల్‌లో ఆరు పడితే టెస్లాకు రెండు అదనపు హిట్లు రావడం అప్పటిదే, ఇప్పుడు దానికి సస్టెయిన్డ్ హిట్స్ 2 అన్న పేరు పెట్టారు. ఎంత గట్టి లక్ష్యాన్నయినా గాస్ ఎంతో కొంత గీరి తీరుతుందన్న పాత లక్షణం ఎనిమిదో ఎడిషన్‌లో పోయినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. లీథల్ హిట్స్ రూపంలో అది తిరిగి రావడం నాకు ఈ ఎడిషన్‌లో అన్నిటికంటే నచ్చిన మార్పు.

ఇమ్మోర్టల్స్‌కు ఉన్న రీరోల్‌ను (వూండ్ రోల్ పాచికలను తిరిగి వేసుకునే వీలును) ప్రస్తుతానికి పక్కన పెట్టి, పది మంది మూడు టర్నులు కాల్చే లెక్క చూద్దాం. ఏ ఆయుధమైనా మొత్తం 60 దాడులు, రెండింటి బలమూ 5, 3+తో 40 తగులుతాయి, వాటిలో 10 ఆరులు. ల్యాండ్ రైడర్ (మెరీన్ల ట్యాంకు) టఫ్‌నెస్ 12, సేవ్ 2+. గాస్ 10 గాయాలు నేరుగా చేస్తుంది, మిగతా 30లో 5 గాయాలు వస్తాయి, ఏపీ మైనస్ 1 వల్ల సేవ్ 3+ అయి 5 గాయాలు లోపలికి దిగుతాయి. టెస్లాకు 60 హిట్లు వచ్చినా గాయాలు 10 మాత్రమే, వాటిలో రెండు కూడా దిగవు. ల్యాండ్ రైడర్‌కు ఉన్నవి 16 వూండ్లు (కూలేలోపు తట్టుకునే నష్టం) కాబట్టి దాన్ని గాస్ కూడా ఒంటరిగా కూల్చలేదు, కానీ ఇతర ఆయుధాలు మొదలుపెట్టిన పనిని పూర్తి చేయగలదు.

అదే చాటు లేని చోట ఉన్న మామూలు మెరీన్ల మీద, అంటే టఫ్‌నెస్ 4, సేవ్ 3+ మీద, గాస్ 15 గాయాలు దింపితే టెస్లా 13.3 దింపుతుంది. టఫ్‌నెస్ 5, సేవ్ 5+ ఉన్న ఆర్క్ బాయ్స్ మీద గాస్‌కు 20.8, టెస్లాకు 20, దాదాపు సమానం. ఇంతవరకు చూసినవాళ్లు గాస్ ఒక్కటే చాలునని తేల్చేస్తారు. చాలామంది మరిచిపోయే నిబంధన ఒకటి ఇక్కడ అడ్డొస్తుంది. సేవ్ 3+ గానీ అంతకంటే మెరుగు గానీ ఉన్న మోడల్‌కు (బొమ్మకు), ఏపీ 0 ఉన్న దాడి మీద కవర్ లాభం దక్కదు. మెరీన్లు శిథిలాల చాటుకు వెళ్లగానే గాస్ మీద వాళ్ల సేవ్ 4+ నుంచి 3+కు మెరుగుపడి 15 కాస్తా 10కి పడిపోతుంది. టెస్లా ఏపీ 0 కనుక కవర్ ఉన్నా లేకున్నా 13.3 దగ్గరే నిలుస్తుంది. సరిగ్గా ఆడే మెరీన్ ఆటగాడు చాటు వదిలి బయటికి రాడు కాబట్టి, మీ మిత్రుడి సైన్యం మీద టెస్లా మీరు అనుకున్నదానికంటే బాగా పనిచేస్తుంది.

పక్కన పెట్టిన రీరోల్ కూడా టెస్లాకే ఎక్కువ ఉపకరిస్తుంది. గాస్ ఆరులు వూండ్ రోల్ దాటేసి పోతాయి కనుక తిరిగి వేయడానికి గాస్‌కు 30 పాచికలే మిగులుతాయి, టెస్లాకు 60 ఉంటాయి.

నా సలహా: మీ సైన్యంలో ట్యాంకులను కూల్చే పెద్ద తుపాకులు ఇప్పటికే ఉంటే టెస్లా పెట్టండి, లేకపోతే గాస్ పెట్టండి. చేతులకు చిన్న అయస్కాంతాలు అమర్చుకుంటే రెండూ మార్చుకోవచ్చు, కాకపోతే ఇమ్మోర్టల్స్ రెండు చేతులూ తుపాకీని పట్టుకొని ఉంటాయి కాబట్టి అది కాస్త ఓపికతో కూడిన పని.

కొత్త నెక్రాన్

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. రెండు సమాధానాలూ మిత్రుడికి చదివి వినిపించాను. అతను లెఫ్టినెంట్ డేటాషీట్ తీసి, హిట్ రోల్ వాక్యాన్నీ వూండ్ రోల్ వాక్యాన్నీ పక్కపక్కన పెట్టుకొని చదివి, తాను రెండింటినీ ఒకటిగా చదివానని ఒప్పుకున్నాడు. ఆ టర్ను ఫొటో ఉండటంతో బల్ల మళ్లీ అలాగే సర్దుకున్నాం. ఆ ఆరు గాయాలకు నేను సేవ్‌లు వేసుకుంటే మూడు నిలిచాయి. ఆబ్జెక్టివ్ మీద ముగ్గురు ఇమ్మోర్టల్స్ మిగిలారు. నా కమాండ్ ఫేజ్ చివర రీఎనిమేషన్‌కు రెండు వచ్చింది, ఇద్దరు తిరిగి లేచి నిలబడ్డారు. చేతులకు టెస్లాయే అతికిస్తున్నాను.

సమాధానం 3 (పాచికల పెట్టె)

సంతోషం. మీ మిత్రుడి దగ్గర 2023 జూన్‌లో ఎడిషన్ విడుదలైనప్పటి పుస్తకమే ఉంటే డివాస్టేటింగ్ వూండ్స్ గురించి మరో విషయం కూడా సరిచూసుకోమని చెప్పండి. మొదట్లో ఒక మోడల్ చనిపోగా మిగిలిన నష్టం పక్క మోడల్‌కు కూడా పాకేది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన సవరణతో దాన్ని ఆపేశారు. ఒక్కో తూటాకు ఒక్క నష్టమే చేసే స్టెర్న్‌గార్డ్ రైఫిల్‌తో ఈ తేడా బయటపడదు. కానీ అతను థండర్ హామర్లు పట్టుకున్న టెర్మినేటర్లను బల్ల మీదికి తెచ్చిన రోజున, దెబ్బకు రెండు నష్టం చేసే ఆ సుత్తి ఒక్క వూండ్ ఉన్న ఇమ్మోర్టల్ ఒక్కడినే చంపగలదు, రెండోవాడి జోలికి పోదు.