ట్రాక్టర్ బ్లాకులో తెగిపోయిన వాటర్ పంపు బోల్టు తియ్యడం ఎలా?

గార మండలం రైతు:
మూడు సిలిండర్ల డీజిల్ ట్రాక్టరు. వాటర్ పంపు ఊడదీస్తుంటే కింది బోల్టు పటుక్కున తెగిపోయింది, మిగతావన్నీ వచ్చేశాయి. ఎం10 (10 మి.మీ. లావు), మర మర మధ్య 1.5 మి.మీ. బ్లాకు కాస్ట్ ఐరన్. తెగిన ముక్క బ్లాకు ముఖం కన్నా 2 మి.మీ. లోపలికి ఉంది, పట్టుకారుకి అందదు. రెండు రోజులుగా డబ్ల్యూడీ-40 కొడుతున్నాను, చలనం లేదు. ఇంజిన్ బండి మీదే ఉంది. రేడియేటర్ దించితే ముందు నుంచి అడుగు చోటు దొరుకుతుంది. ఈజీ అవుట్ (తెగిన బోల్టులో కన్నం వేసి, దూర్చి విప్పే పనిముట్టు) కొనమంటారా, వెల్డింగు పెట్టించమంటారా? ఉభాలు (వరి నాట్లు) దగ్గరపడ్డాయి, ఏటి చెయ్యాలో చెప్పండి.

లేత్ పని, విజయనగరం:
ఈజీ అవుట్ జోలికి పోవద్దు తమ్ముడూ. 10 మి.మీ. బోల్టునే తెంపేసేంతగా పట్టేసిన మరని, దాని నడుమ దూరే 5 మి.మీ. ముక్క తిప్పగలదా? పైగా దాని మొన సన్నం, పైన లావు. తిప్పేకొద్దీ బోల్టుని పక్కలకి ఉబ్బించి మరల్లో ఇంకా బిగిస్తుంది. అది లోపల విరిగిందంటే మామూలు బిట్టు దాన్ని కొయ్యదు. కార్బైడ్ బిట్టో స్పార్క్ ఎరోజన్ మిషనో (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని కరిగించేది) వెతుక్కోవాలి.

వెల్డింగే పెట్టించు. ముందు బ్యాటరీ రెండు వైర్లూ తీసెయ్యాలి. ఎర్త్ క్లాంపు బ్లాకుకే, తుప్పు గీకిన చోట పెట్టాలి. కన్నంలో నూనె పూర్తిగా తుడవాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో మాత్రం తుడవకూడదు, ఆర్క్ తగిలితే విషవాయువు వస్తుంది. మిగ్ మిషను (రాడ్డుకి బదులు తీగతో అతికేది) ఉంటే మేలు. లేకపోతే 2.5 మి.మీ. 7018 రకం వెల్డింగు రాడ్డు, బాగా ఆరబెట్టింది, 80–90 ఆంపియర్ల మీద.

ముక్క నడిమధ్యలో ఒక్క చుక్క పెట్టి ఆపాలి. స్లాగు కొట్టి, తుడిచి, దాని మీద ఇంకో చుక్క. అంచులకి పోకుండా ముఖం కన్నా కొంచెం పైకి వచ్చేదాకా ఇలా పేర్చుకుంటూ రావాలి. తొందరపడి ఒకేసారి నింపితే లోహం బ్లాకు మరలకి అంటుకుంటుంది, అప్పుడు పని రెట్టింపు. ఆ గుబ్బ మీద ఎం12 నట్టు కూర్చోబెట్టి, నట్టు కన్నంలోంచి నింపెయ్యాలి.

ఎరుపు పోయాక, ఇంకా వేడిగా ఉండగానే కొవ్వొత్తిని బోల్టు అంచుకి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. అప్పుడు పాన వెయ్యాలి. ముందు బిగించే వైపు ఒక పిసరు, తర్వాత విప్పే వైపు. కదిలాక కూడా ముందుకీ వెనక్కీ ఆడిస్తూనే రావాలి. నట్టు ఊడొస్తే దిగులొద్దు, ఇంకోటి అంటించు. మూడు నాలుగు సార్లు పట్టడం మామూలే. ప్రతిసారీ బోల్టు కాలి, చల్లని బ్లాకు మధ్య సాగడానికి చోటు లేక నలిగి, చల్లారేటప్పుడు పిసరంత సన్నబడుతుంది. తుప్పు పొర పగిలేది అప్పుడే.

డీజిల్ మెకానిక్, పలాస:
అన్నయ్య చెప్పిన దానికి ఒక మాట కలుపుతున్నా. ఆ కన్నం నీళ్ళ జాకెట్లోకి (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళు తిరిగే బ్లాకు లోపలి ఖాళీ) తెరుచుకుందేమో ముందు చూడాలి. బోల్టులు వచ్చిన పక్క కన్నాల్లో తీగ పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది. తెరుచుకుంటే తుప్పు లోపలి కొస నుంచి పట్టింది, పై నుంచి కొట్టిన నూనె అక్కడిదాకా చేరదు. బ్లాకు డ్రెయిన్ ప్లగ్గు తీసి నీళ్ళన్నీ వదిలెయ్యాలి. వెనక నీళ్ళుంటే వేడంతా అవే లాగేస్తాయి, వెల్డింగు దండగ.

నానబెట్టడానికి ఏటీఎఫ్ ఆయిలూ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసేది) అసిటోనూ సగం సగం కలిపితే డబ్ల్యూడీ కన్నా బాగా దిగుతుంది. అది భగ్గున అంటుకునే సరుకు, నిప్పు దగ్గర వద్దు. పటిక నీళ్ళు పొయ్యమని ఎవరైనా చెప్తారేమో. అల్యూమినియంలో ఇరుక్కున్న ఉక్కుకే అది పనికొస్తుంది. కాస్ట్ ఐరన్‌లో పోస్తే బ్లాకునీ తినేస్తుంది.

గార మండలం రైతు:
పక్క కన్నాల్లో తీగ లోపలికి పోతోంది, అంటే జాకెట్లోకే. వెల్డింగుకి లొంగకపోతే డ్రిల్లు ఎలా వెయ్యాలి అన్నయ్యా?

లేత్ పని, విజయనగరం:
చేతి అంచనాతో వెయ్యొద్దు. పాత పంపు బాడీని మిగతా బోల్టులతో బిగించి, తెగిన బోల్టు కన్నంలో సరిగ్గా పట్టే బుష్షు లేత్ మీద తీయించు, నడుమ 4 మి.మీ. కన్నంతో. బిట్టు పక్కకి జారదు. ఆ తర్వాత బుష్షు తీసి 6, 8. ఎడమ చేతి బిట్లు (విప్పే వైపు తిరుగుతూ కోసేవి) దొరికితే అవే వాడు. 6 దాటాక ముక్క తనంతట తానే తిరిగి వచ్చెయ్యొచ్చు. నెమ్మదిగా, నూనె వేస్తూ. బోల్టు పొడవు కొలిచి బిట్టుకి టేపు చుట్టుకో, దాటితే జాకెట్ అవతలి గోడకి తగులుతుంది. 8 తర్వాత మిగిలేది పల్చటి గొట్టం. దాన్ని సన్న ఉలితో లోపలికి మడిచి లాగెయ్యి. తర్వాత మరల్ని సరిచేసే ఎం10 ట్యాపు, ఒక చుట్టు ముందుకి, సగం వెనక్కి. కన్నం పక్కకి పోయి మర చెడితే 10.4 బిట్టు వేసి హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) పెట్టించుకో, మళ్ళీ ఎం10 బోల్టే పడుతుంది.

డీజిల్ మెకానిక్, పలాస:
బిగించేటప్పుడు అన్నీ కొత్త 8.8 గ్రేడు (గట్టి ఉక్కు) బోల్టులే వెయ్యి. జాకెట్లోకి పోయే కన్నం కాబట్టి మరలకి సీలెంటు రాయాలి, లేకపోతే బోల్టు వెంబడి నీళ్ళు కారతాయి. బ్లాకు ముఖం మీద వెల్డింగు చుక్కలు పడి ఉంటే గాస్కెట్ పెట్టేముందు ఆకురాయితో చదును చెయ్యి. సముద్రం పక్క ఊళ్ళ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే రేడియేటర్లో పొయ్యొద్దు. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం.