నాయన లేని తొలి సంక్రాంతి: అమ్మను ఎలా చూసుకోవాలి?

ప్రశ్న (అనంతపురం)
ఆషాఢంలో మా నాయన గుండెపోటుతో కాలం చేశారు. ఏడాది తిరిగేవరకు పండుగ చేయరాదన్న ఆచారం ప్రకారం దసరా, దీపావళి ఏ సందడీ లేకుండానే గడిచాయి. అయితే సంక్రాంతి దగ్గరపడేకొద్దీ, వీధిలో అందరూ ఇళ్లకు సున్నాలు వేసుకుంటుంటే, మా అమ్మ పగలే తలుపు వేసుకుని కూర్చుంటోంది. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తుందట, అన్నం సయించదట, మందుల అంగడి నుంచి నిద్రమాత్రలు తెచ్చిపెట్టమని అడుగుతోంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ వారానికొకసారి వస్తాను. ఇది దుఃఖమేనా, జబ్బా అన్నది నాకు తెలియడం లేదు. పండుగ మూడు రోజులూ ఆమెను చుట్టాల ఇంటికి తీసుకుపోవడం మంచిదా?

జవాబు (ఆదోని)
మా ఆయన పోయిన తొలి సంక్రాంతికి నన్ను కూడా మా అన్న ఇంటికి తీసుకుపోయారు. వాళ్లు ప్రేమతోనే పిలిచారు కానీ, నేను గదిలోకి వచ్చినప్పుడల్లా మాటలు ఆగిపోవడం, పసుపుకుంకుమలు పంచేటప్పుడు ఎవరికి వారు తలలు తిప్పుకోవడం నాకు ఇంట్లో ఒంటరితనం కంటే ఎక్కువ బాధ కలిగించింది. కాబట్టి మీరు నిర్ణయించకుండా అమ్మనే అడగండి. మన వైపు సంక్రాంతి పెద్దలకు గుడ్డలు పెట్టుకునే పండుగ కూడా కదా. మీ ఇంటి ఆచారం ఒప్పుకుంటే నాయన పటం ముందు ఒక పంచె పెట్టి, ఆయనకు ఇష్టమైన ఓళిగలు చేసి, ఆయన గురించి మాట్లాడనివ్వండి. ఆచారం ఒప్పుకోకపోతే పక్కన కూర్చుని మాట్లాడించడానికైనా అడ్డేమీ లేదు. ఏడిస్తే ఆపవద్దు.

జవాబు (కర్నూలు)
మానసిక వైద్య విభాగంలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఆత్మీయులు పోయిన తొలి నెలల్లో నిద్ర, ఆకలి తగ్గడం, పండుగలప్పుడు దుఃఖం మళ్లీ పొంగడం సహజమే. కానీ తిండి మానేసి మనిషి చిక్కిపోతున్నా, లేచి స్నానం చేయడానికి కూడా మనసొప్పక రోజులు గడుస్తున్నా, బతకడమెందుకన్న మాట నోట వచ్చినా వైద్యునికి చూపించవలసిందే. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్లవుతుందని భయపడతారు. అలా జరగదు, అడిగినందుకు చాలామంది ఊరట పడతారు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకండి, ఇంట్లోని మాత్రలు, పురుగుమందులు అందకుండా దాచండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

వైద్యుడు రాయకుండా నిద్రమాత్రలు మాత్రం తేవద్దు, కొన్ని అలవాటుగా మారతాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు 14416కు పండుగ రోజైనా, అర్ధరాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బీపీ, షుగరు మాత్రలు ఆమె సరిగా వేసుకుంటోందో లేదో కూడా చూడండి. దుఃఖంలో ముందుగా మరిచిపోయేది అవే.

జవాబు (కడప)
మా ఆయన కువైట్‌లో ఉంటారు, పండుగలన్నీ నేను, పిల్లలే. మీ ప్రశ్నలో అమ్మ గురించే ఉంది, మీ గురించి ఒక్క మాటా లేదు. మీకూ నాయన పోయారు తమ్ముడూ. మీరు నిద్రపోతున్నారా?

ప్రశ్న అడిగినవారు
నిద్రపోవడం లేదక్కా. నిన్న అమ్మను అడిగాను. ఎక్కడికీ రానని, నాయన పంచె మాత్రం తానే కొంటానని చెప్పింది. చావు గురించి కూడా అడిగాను. అలాంటిదేమీ లేదని, ఇల్లు మూగగా ఉందని చాలాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. భోగికి రెండు రోజుల ముందే సెలవు పెట్టి వస్తున్నాను, రాగానే ఇద్దరం కలిసి వైద్యుని దగ్గరికి వెళ్తాం.